వేలి చివర పిండి

నల్ల బియ్యపు పాయసం గిన్నెను రెండు చేతులా పట్టుకుని జెంతి అవ్వ మెట్లు దిగడం సెండి పడవ ముందు కొసన నిలబడి చూస్తూనే ఉంది. మెట్లంటే మెట్లు కావు, నిలువునా గాట్లు పెట్టిన చెట్టు మాను. ఎనభై దాటిన మనిషి, ఒక కంటికి పూర్తిగా పొర కమ్మింది, రెండోదానికి సగం. అయినా ఒక్క చుక్క ఒలకనివ్వకుండా దిగి, రేవులో నిలబడి, టీచరమ్మ ముందుకు గిన్నె చాచింది. టీచరమ్మ రెండు చేతులూ గాల్లో అడ్డంగా ఊపింది. పొట్ట పట్టుకుని చూపించింది. నడుం వంచి మూడుసార్లు దణ్ణం పెట్టింది. ఆ తర్వాత గిన్నె వంక తిరిగి చూడకుండా వచ్చి పడవలో కూర్చుంది.

సెండి అటు చెయ్యి చాచింది.

"అయ్యో, ముట్టుకోండి! ఊరికే వేలు పెట్టండి చాలు!" అని అరిచింది. సరిగ్గా అప్పుడే వెనక మొగుడు గరాయ్ మోటారు తాడు గుంజాడు. ఆ మోతలో ఆమె అరుపు ఎవరికీ వినపడలేదు. పడవ ప్రవాహంలోకి తిరిగింది. అవ్వ గిన్నెతో అలాగే నిలబడి ఉంది. వంపు తిరిగేసరికి అవ్వా లేదు, రేవూ లేదు, రెండువైపులా అడవి.

సెబాయ్ ఏటి మీద పుట్టిన వాళ్ళకి ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. ఎదుట పెట్టిన తిండిని కాదని దారి పట్టిన మనిషిని పుని అనే కీడు పట్టుకుంటుంది. కడుపు నిండా తిని ఉండొచ్చు, ఒంట్లో బాగుండకపోవచ్చు, తొందర పనే ఉండొచ్చు, అవేవీ పుని వినదు. వేలు ముంచి పెదవికి అంటించుకుంటే చాలు, వదిలేస్తుంది. అంటించుకోలేదో, నీళ్ళలో అయితే మొసలి, ఒడ్డున అయితే పాము, ఏదీ లేకపోతే విరిగిపడే కొమ్మ. ఆ రోజే వస్తుందా, ఆలస్యంగా వస్తుందా అన్నది దాని ఇష్టం. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడేవాళ్ళు కూడా, పట్నంలో లారీలు నడిపి వచ్చినవాళ్ళు కూడా, ఎదురింటి కాఫీ కప్పు అంచున వేలు ఆనించకుండా గడప దాటరు. నమ్మకమా అని అడిగితే నవ్వేస్తారు. నవ్వుతూనే వేలు ఆనిస్తారు.

టీచరమ్మ అసలు పేరు చిజురు. జపాను మనిషి. భర్త ఉద్యోగం కోసం పెనాంగ్ వచ్చి, ఆయన పోయాక కూడా అక్కడే బడిలో పాఠాలు చెబుతూ ఉండిపోయింది. అరవై రెండేళ్ళు, పిచ్చుక లాంటి శరీరం, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. పుస్తకంలో అచ్చేసినట్టు మలయ్ మాట్లాడుతుంది. పద్దెనిమిది కాపురాలు ఒకే కప్పు కింద ఉండే తమ పొడుగింట్లో ఆమె మూడు రోజులు ఉంది, సెండి వాళ్ళ గదిలోనే. అతిథుల్ని చాలామందిని చూసింది సెండి. ఫోన్లు ఎత్తుకుని తిరిగేవాళ్ళు, దోమలని ఏడ్చేవాళ్ళు, కోడికూర ముందు కూర్చుని బిస్కెట్లు తినేవాళ్ళు. ఈవిడ అలా కాదు. వచ్చిన పూటే వెదురు బొంగులో కర్రపెండలం ఆకులేసి కాల్చిన కోడికూరను ఎముకలు చీకి మరీ తింది. వంకర కొసల అడవి కూరను చేపల పులుసులో కలుపుకుని మూడుసార్లు వడ్డించుకుంది. బియ్యం పులియబెట్టిన తుఆక్‌ని గ్లాసుకి గ్లాసు తాగి, పెద్ద వసారాలో ఆడవాళ్ళ పక్కన నిలబడి చేతులు చాచి ఆడింది. సాగో చెట్టు మానులో పెరిగే పురుగుల వేపుడు కూడా కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంది. వసారా దూలానికి వేలాడే పాతకాలపు పుర్రెల్ని చూసి అందరిలా కెవ్వుమనకుండా, వాటికింద నిలబడి తలవంచింది. చెప్పిందల్లా ఎర్ర అట్ట నోటు పుస్తకంలో రాసుకునేది.

అంతటి మనిషి నిన్న దురియన్ పండు ఊరవేసిన పచ్చడి అన్నంలో కలుపుకుని, దానిమీద తుఆక్ తాగింది. తెల్లారేసరికి నాలుగుసార్లు ఇంటి వెనక్కి పరుగెత్తింది. అందుకే పాయసం వద్దంది. తప్పేముంది? తప్పేమీ లేదు. పునికి తప్పూ ఒప్పూ లేవు, అదే భయం.

సెండి వెనక్కి తిరిగి గరాయ్‌కి చేత్తో సైగ చేసింది, పడవ తిప్పమని. అతను చెయ్యి చెవి దగ్గర పెట్టి వినపడలేదన్నట్టు నటించాడు. ఈ మనిషి నటన ఆమెకు పందొమ్మిదేళ్ళుగా తెలుసు. మళ్ళీ సైగ చేసింది. అతను ఎగువ ఆకాశం వైపు వేలు చూపించాడు. అక్కడ కొండల మీద మబ్బు బొగ్గులా ఉంది. టీచరమ్మని మధ్యాహ్నంలోగా నంగ సెబాయ్ రేవులో దింపి, వాన నీళ్ళు ముంచుకురాక ముందే తాము తిరిగి ఇల్లు చేరాలి. అదీ నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని తిప్పకపోవడమే సెండికి మండింది.

గంటన్నర పోయాక, రాళ్ళ మీద నీళ్ళు మోకాలి లోతే ఉన్నచోట గరాయ్ మోటారు పైకెత్తాడు. ఇద్దరూ దిగి పడవని తోయాలి. టీచరమ్మ పడవలోనే ఉంది, తల చేతుల్లో పెట్టుకుని. సెండి తోస్తూ తోస్తూ వెనక్కి జరిగి మొగుడి పక్కకు చేరింది.

"అవ్వ గిన్నె ముట్టలేదావిడ. చూశావా?"

"చూశా."

"చూసి మోటారేశావా? నీకేమన్నా ఒంటిమీద తెలివుందా?"

"పొద్దున్నించీ ఆవిడ కడుపులో ఏదీ నిలవట్లేదే. పాయసం కూడా పోస్తే పుని దాకా ఎందుకు, దారిలోనే పోయేది."

"నీ నోరు పడిపోను! ఏటి మీద ఉండి ఏం మాటలవి?"

"మరేం చెయ్యమంటావ్? వెనక్కి పోతే ఆవిడ బండి పోతుంది. రేపు విమానం పోతుంది. విమానం ఎక్కాక పుని ఎలా ఎక్కుద్దో చూద్దాం. టికెట్టు లేకుండా రానియ్యరు." గరాయ్ నవ్వాడు. ముందు పళ్ళు రెండూ లేని నవ్వు అది. ఎవరైనా ఆ నవ్వు చూసి నవ్వాల్సిందే. సెండి నవ్వలేదు.

"రేవు దాకా ఆవిడకేమీ కాకుండా చూడు. చాలు," అంది. గరాయ్ అది విన్నాడు. నవ్వు ఆపి, భుజం పడవకు ఆనించి తోశాడు.

అక్కణ్ణుంచి సెండి పని ముందున్న రాళ్ళని చూడటం, గెడతో లోతు చూడటం, ఎటు తిప్పాలో మొగుడికి చెయ్యి చూపించడం. కానీ ఆమె కళ్ళు రాళ్ళ మీద నిలవలేదు. ఒడ్డున వాలిన ప్రతి కొమ్మా పామై కనిపించింది. నీళ్ళలో నానిన ప్రతి దుంగకీ కళ్ళున్నట్టనిపించింది. ఎడమ ఒడ్డున ఎక్కడో కెతుపోంగ్ పిట్ట ఒక్కసారి కూసి ఊరుకుంది. శకునాల పిట్ట అది. మామూలుగా అయితే అది ఎటువైపు కూసింది, ఎన్నిసార్లు కూసింది అని ఇద్దరూ వాదులాడుకునేవాళ్ళు. ఈసారి సెండి వెనక్కి తిరిగి అడగలేదు.

ఆమె అంతగా భయపడటానికి ఒక కారణం ఉంది. ఆ కారణం పేరు బన్సా.

బన్సా గరాయ్ తమ్ముడు. ఇరవయ్యేళ్ళవాడు, ఏనాడూ ఒకచోట కాలు నిలవనివాడు. అప్పటికి సెండి కాపురానికొచ్చి రెండు నెలలైంది. అత్తగారు పొలంలో ఉంది. పొద్దున్నే, పొగబెట్టిన చేప కూర, అన్నం రెండు పళ్ళేల్లో వడ్డించింది, ఒకటి మొగుడికి, ఒకటి మరిదికి. బన్సా భుజాన వల వేసుకుని గుమ్మంలోంచే తొంగి చూశాడు. "వచ్చాక తింటా వదినా, చేపలు ఎదురుచూస్తున్నాయి," అన్నాడు. "ఒక్క వేలన్నా పెట్టి పో," అనాల్సింది. అనాలనే నోరు తెరిచింది. కొత్త కోడలు, గట్టిగా అంటే ఏమనుకుంటాడోనని ఆగింది. వాడు మాను మెట్లు రెండేసి దూకుతూ దిగిపోయాడు. సాయంత్రానికి పడవ దొరికింది. మర్నాడు వల దొరికింది. మూడోరోజు వాడు దొరికాడు, పూర్తిగా కాదు.

అత్తగారు అడిగింది, "వాడు తినకుండా పోయాడా? ఏమన్నా పెట్టావా వాడికి?" సెండి చెప్పింది, "ఇంకా అన్నం ఉడకలేదత్తా." ఆ ఒక్క అబద్ధంతో మొసలి ఉత్త మొసలి అయిపోయింది. ఎవరూ పుని మాట ఎత్తలేదు. అత్తగారు ఆరేళ్ళ తర్వాత పోయింది, ఆ మాట నమ్మే పోయింది. సెండికి మాత్రం తెలుసు. పెట్టకుండా ఉండుంటే వాడు బతికేవాడు. పళ్ళెం నేల మీద పెట్టిన చెయ్యి తనదే. ఆనాటి నుంచీ తొందరలో ఉన్నవాళ్ళకి ఆమె మంచినీళ్ళు కూడా ఇవ్వదు. పిసినారిది అని వసారా మొత్తం చెవులు కొరుక్కుంటుంది. కొరుక్కోనీ.

ఏరు వెడల్పయింది. నీళ్ళు ఎర్రగా, నిదానంగా, అడుగు కనపడకుండా అయ్యాయి. బన్సా దొరికింది ఇక్కడికి రెండు వంపుల కిందనే. ఒకవైపు బురద ఒడ్డు మీద ఏదో జారి నీళ్ళలోకి దిగిన గుర్తు నున్నగా, తడిగా ఉంది. సెండి దాన్ని చూసింది. వెనక్కి తిరిగింది. టీచరమ్మకి కాస్త తేలికైనట్టుంది, పడవ అంచు మీద తల ఆనించి, కుడిచెయ్యి మోచేతి దాకా నీళ్ళలో వేలాడేసి, చల్లదనానికి కళ్ళు మూసుకుంది.

సెండి ఆలోచించలేదు. గెడ ఎత్తి ఆ చేతి పక్కన నీళ్ళ మీద ఫెడీమని కొట్టింది.

టీచరమ్మ కెవ్వుమని చెయ్యి లాక్కుంది. పడవ ఒక పక్కకి ఒరిగింది. గరాయ్ మోటారు ఆపేసి, "ఏంటే? ఏమైంది?" అని లేచి నిలబడ్డాడు. నిలబడేసరికి ఇంకా ఒరిగింది. సెండి కూర్చో కూర్చో అని అరిచింది. ఒక్క క్షణం ముగ్గురూ అంచులు పట్టుకుని ఊపిరి బిగబట్టారు. పడవ రెండుసార్లు ఊగి నిలబడింది. మోటారు మోత లేకపోయేసరికి ఏరంతా చెవులు రిక్కించి వింటున్నట్టుంది.

"నీళ్ళలో చెయ్యి పెట్టకండి టీచరమ్మా! మీ కాళ్ళు పట్టుకుంటా, పెట్టకండి!" సెండి ఏడుస్తోంది. "అవ్వ పాయసం ముట్టకుండా వచ్చేశారు మీరు. మీకు తెలీదు. చెప్పాల్సింది నేను. తెల్లారే చెప్పాల్సింది. మీకేమన్నా అయితే..."

టీచరమ్మ తడిచెయ్యి గుండెలకు హత్తుకుని ఆమెనే చూసింది. తర్వాత మెల్లగా కళ్ళజోడు పెట్టుకుని, సంచీలోంచి ఎర్ర పుస్తకం తీసి, ఒక పేజీ తిప్పి, బడిలో పిల్లలకి చూపించినట్టు చూపించింది.

"పుని. వెళ్ళేముందు వేలితో ముట్టుకుని పెదవికి అంటించుకోవలెను. జెంతి అవ్వ మొన్ననే నాకు బోధించింది," అంది తన అచ్చు పుస్తకం భాషలో. "ఈ ఉదయం పడవ వద్దకు రాకముందే అవ్వ గదికి వెళ్ళి సెలవు తీసుకున్నాను. అక్కడే వేలు ముంచి నాకితిని. చాలా తీయగా ఉన్నది. ఇంకను తినమని ఆమె గిన్నెతో నా వెంట దిగి వచ్చినది. అప్పుడు వద్దన్నాను."

సెండి గెడ కింద పెట్టింది. "నాకారా?"

"నాకితిని."

గరాయ్ కడుపు పట్టుకుని నవ్వాడు. "పొద్దున్నించీ నన్ను నమిలేసింది టీచరమ్మా! నీళ్ళలోకి తోసేదే ఇంకాసేపుంటే." సెండి ఏడుస్తూనే నవ్వింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. పడవ కొసన కూలబడి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. టీచరమ్మ ఆ సంగతి కూడా పుస్తకంలో రాసుకుంది.

ఆ తర్వాత దారంతా సెండి నోరు మూతపడలేదు. అదిగో ముక్కు మీద కొమ్మున్న పక్షుల జత, చూడండి చూడండి అని చూపించింది. ఒడ్డున మిరియాల తోటల్ని చూపించి ఎవరిది ఏదో, ఎవరి మొగుడు ఎవరితో పోయాడో కూడా చెప్పింది. బన్సా దొరికిన వంపు ఎప్పుడు దాటారో ఆమెకు తెలియనే లేదు. పందొమ్మిదేళ్ళలో అలా జరగడం అదే మొదటిసారి.

నంగ సెబాయ్ రేవు చేరేసరికి బండి వచ్చేసి ఉంది. డ్రైవరు హారను మీద చెయ్యేసి ఉంచాడు, ఎగువన వాన పడితే దారిలో మట్టి జారుతుందని అతని తొందర. సెండి సంచీ మోసుకెళ్ళి బండిలో పెట్టింది. గరాయ్ ఒడ్డునే కూర్చుని, తిరుగు ప్రయాణానికి డబ్బాలోంచి మోటారులోకి పెట్రోలు పోస్తున్నాడు. టీచరమ్మ బండి ఎక్కబోయి ఆగింది. చేతిసంచీ వెతికి చిన్న రేకు డబ్బా తీసింది.

"మరచిపోయాను. మీ ఇంట తిన్నాను. మీరు కూడా నాది తినవలెను కదా. మీ పద్ధతి," అంది సంబరంగా. డబ్బాలో వేయించిన సోయా పిండీ పాకమూ కలిపి చేసిన ఉండలు రెండే మిగిలాయి, గోలీలంత. పైన అద్దిన పిండి గోధుమరంగులో పొడి పొడిగా ఉంది. సెండి ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది. వేయించిన శనగల వాసన, వెనకాల తీపి. "బాగుంది!" అంది నోటినిండా.

టీచరమ్మ గులకరాళ్ళ మీద తడబడుతూ నాలుగడుగులు వేసి, రెండో ఉండని డబ్బాతో సహా గరాయ్ వైపు చాచింది. అతను డబ్బా వంక చూసి, పెట్రోలు చేతులు రెండూ పైకెత్తి చూపించి, పళ్ళు లేని నవ్వు నవ్వాడు. "కంపు చేతులు టీచరమ్మా. మీరే ఉంచుకోండి దారికి. ఈసారి వచ్చినప్పుడు తింటా." డ్రైవరు మళ్ళీ హారను కొట్టాడు. టీచరమ్మ కంగారుగా డబ్బా మూత పెట్టి, వంగి దణ్ణాలు పెడుతూ వెనక్కి నడిచి, బండెక్కింది. ఎర్ర మట్టి దుమ్ము లేచింది. మలుపు దగ్గర ఒక్కసారి కిటికీలోంచి చెయ్యి ఊగింది. బండి పోయింది.

సెండి నీళ్ళ దగ్గరికి వచ్చింది. బొటనవేలికీ పక్కనున్న రెండు వేళ్ళకీ ఉండ పిండి అంటుకుని ఉంది. కడుక్కుందామని వంగింది. వేళ్ళు నీళ్ళకి జానెడు ఎత్తులో ఉండగా ఆగిపోయింది.

"ఏమయ్యా," అంది వంగే. "నువ్వు తిన్నావా?"

"ఏంటి?"

"ఆవిడిచ్చిన ఉండ."

"లేదే. ఈసారి తింటానన్నాగా. విన్లేదా?"

వచ్చాక తింటా వదినా. ఆనాటి బన్సా మాటే. మలుపు వైపు చూసింది. దుమ్ము కూడా లేదు. అవ్వ చెప్పింది, తను భయపడి ఏడ్చి చూపించింది, టీచరమ్మ అన్నీ బుద్ధిగా నేర్చుకుంది. నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేసింది. ఎదురుగా తెచ్చి పెట్టింది. పొద్దున్నించీ తను కాపలా కాసింది ఒకరిని, తిండిని కాదని దారి పట్టబోతున్నది మరొకరు.

"మూతి మీదన్నా రాసుకోవాల్సింది," అంది.

"మిఠాయి ఉండకి కూడానా?" గరాయ్ డబ్బా మూత బిగిస్తూ నవ్వాడు. "జపాను ఉండకి మన పుని ఎలా పడుతుందే? భాష తెలియొద్దూ? ఎక్కెక్కు. ఎగువన ఉరుముతోంది."

సెండి ఎక్కలేదు. పిండి ఉన్న కుడిచెయ్యి పైకెత్తి పట్టుకుని, ఎడంచేత్తో పడవ తాడు అందుకుని, గుంజకి రెండు మెలికలు వేసింది.

"ఏంటే ఇది?"

"నేను కదలనివ్వను."

"ఇక్కడ కూర్చుంటే వదిలేస్తుందా? ఒడ్డున పాములుండవా? నువ్వేగా చెప్తావ్."

"బన్సాకి నేను పెట్టాను." ఆ మాట ఎలా బయటికొచ్చిందో ఆమెకే తెలియదు. పందొమ్మిదేళ్ళు గొంతులో ఉన్నది, వాంతి అయినట్టు అయింది. "అన్నం ఉడకలేదని మీ అమ్మకి అబద్ధం చెప్పా. ఉడికింది. చేప కూడా పెట్టా. వచ్చాక తింటా వదినా అన్నాడు. నేను ఊరుకున్నా. నీ తమ్ముణ్ణి చంపింది మొసలి కాదు, నేను. ఇప్పుడు నువ్వు కూడా అదే మాటంటావా? అదే మాట!"

గరాయ్ పెట్రోలు డబ్బా కింద పెట్టాడు. నవ్వు ముఖం మీంచి ఎప్పుడో దిగిపోయింది. ఆ నవ్వు లేని ముఖం ఎలా ఉంటుందో సెండికి గుర్తు లేదు. ముసలివాడిలా ఉన్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"రెండు పళ్ళేలు పెట్టావు. ఆ పూట నేను గదిలోనే ఉన్నానుగా. అమ్మ అడిగినప్పుడు నువ్వు చెప్పింది కూడా విన్నా."

"మరి చెప్పలేదే ఎవరికీ? నాక్కూడా?"

గరాయ్ చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు. "నేను కూడా తినలేదే. ముందు రోజు చేపే అది, ఉప్పు కషాయం. కొత్త పెళ్ళాం, ఎలా చెప్తాం? నువ్వు నీళ్ళకి పోగానే పళ్ళెం కుక్క ముందు బోర్లించేసి పొలానికి పోయా. ఒక్క మెతుకు పెదవికి తగల్లేదు." ఊపిరి తీసుకున్నాడు. "ఒకే చేత్తో ఒకేసారి పెట్టావు. ఇద్దరం కాదని పోయాం. వాణ్ణి పట్టుకుంది. నన్నెందుకు వదిలిందో తెలీదు. వదిలిందో లేదో కూడా తెలీదు. ఏట్లో కాలు పెట్టిన ప్రతిసారీ ఇవాళేనేమో అనుకుంటా. అందుకే నోరు ఊరుకోకుండా ఏదో ఒకటి వాగుతుంటా. ఊరుకుంటే వినపడుతుంది."

"ఏం వినపడుతుంది?"

అతను నీళ్ళ వైపు గడ్డం చూపించాడు. కొండల మీద మళ్ళీ ఉరిమింది, ఈసారి దగ్గరగా. ఏటి నీళ్ళ మీద ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఆకులు, పుల్లలు అప్పుడే కనిపించడం మొదలైంది.

సెండి పైకెత్తి పట్టుకున్న తన కుడిచెయ్యి వంక చూసుకుంది. చెమటకి పిండి తడిసి పేస్టులా అవుతోంది. ఇంకాసేపుంటే అదీ ఉండదు.

"ఇలా రా," అంది. "నోరు తెరువు."

"అది నువ్వు తిన్న ఉండది కదే. నాది డబ్బాలో పోయింది."

"రెండూ ఒక డబ్బాలోనివేగా. ఒకదాని పిండి ఒకదానికి అంటుకునే ఉంటుంది."

"చెల్లుతుందంటావా?"

"తెలీదు. అవ్వనడగాలి."

"అవ్వ దగ్గరికి పోవాలంటే ఏటి మీదే పోవాలిగా," అన్నాడు గరాయ్. వేళాకోళానికి అనలేదు. నిజంగానే అడుగుతున్నాడు.

వచ్చి ఆమె ముందు గులకరాళ్ళ మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. యాభై దగ్గరపడుతున్న మనిషి, పెట్రోలు వాసన వేస్తూ, పిల్లాడిలా నోరు తెరిచాడు. సెండి బొటనవేలు అతని పెదవికి రాసింది. అతను నాలుకతో అందుకున్నాడు. చప్పరించాడు. కళ్ళు మూసుకున్నాడు.

"తగిలిందా?"

"తియ్యగా తగిలినట్టే ఉంది." కళ్ళు తెరవకుండానే ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టు గట్టిగా ఉంది. "ఆ పక్క వేలు కూడా పెట్టు సెండీ."

పెట్టింది. మూడోదాన్ని కూడా పెట్టబోయి, మనసు మార్చుకుని, గుప్పిట మూసేసింది. అది దారికి.

గరాయ్ తాడు మెలికలు విప్పాడు. మోటారు మూడో గుంజుడుకి అందుకుంది. అతను ఒక్క మాట వాగలేదు, ఈలన్నా వెయ్యలేదు. సెండి ముందు కొసన నిలబడి గెడ ఎడంచేత్తో పట్టుకుంది. ఎర్రనీళ్ళు ఎదురొస్తున్నాయి. దుంగలు కూడా వస్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి. ప్రతిదాన్నీ చూసి, ఇది దుంగే అని తేలాకే అతనికి చెయ్యి చూపించింది. కుడి గుప్పిట మాత్రం గుండెలకు ఆనించుకుని, ఇల్లు చేరేదాకా నీళ్ళు తగలనివ్వలేదు.